ఏడు ఘడియల నాయకురాలు

2020 నవంబరు 7, శనివారం. ఫిలడెల్ఫియా నగరం పడమటి వైపు క్లార్క్ పార్కు పక్కన వారం వారం రైతుల సంత జరుగుతుంది. మాస్కు పెట్టుకుని, మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరంలో గీసిన గీతల మీద నిలబడి, నా వంతు వచ్చాక బీట్‌రూట్లు ఏరుకుంటున్నాను. పదకొండున్నర ఇంకా కాలేదు. ఎక్కడో ఒక కారు హారన్ మోగింది. దానికి ఇంకో కారు బదులు పలికింది. తర్వాత మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి. గిన్నెల మీద గరిటెల మోత మొదలైంది. బీట్‌రూట్లు అమ్మే అమ్మాయి తూకం వదిలేసి ఏడవడం మొదలుపెట్టింది.

గిన్నెల మోత వినగానే నాకు గుర్తొచ్చింది అంతకు ఏడున్నర నెలల ముందటి మార్చి 22. ఆ సాయంత్రం అయిదింటికి నరసరావుపేటలో మా వీధి వీధంతా కంచాలు మోగించిందని అమ్మ వీడియో పంపింది. అందులో నాయనమ్మ కూడా ఉంది, అరుగు మీద కూర్చుని స్టీలు చెంబు మీద చెంచాతో కొడుతూ. ఎందుకు కొట్టమన్నారో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అందరూ కొడుతున్నారు కాబట్టి కొట్టింది. ఆగస్టులో ఆమె పోయింది. మామూలు విమానాలు లేవు. ఎలాగో వెళ్లినా కాన్సులేట్లలో వీసా పనులు జరగడం లేదు కాబట్టి తిరిగి రావడం ఎప్పుడో తెలియదు. వెళ్లలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక దేశానికి కొత్త నాయకుడు వచ్చాడని జనం వీధుల్లోకి వచ్చి ఆడీపాడీ చేసుకున్న రోజున నేను అక్కడ పరాయి దేశస్తురాలిని. ఓటు లేదు. నా సంతోషానికి ఆ దేశపు లెక్కల్లో చోటు లేదు. అయినా సంతోషించాను. ఆ సంతోషం ఎక్కడిదో, దానికి నాకు హక్కు ఉందో లేదో అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆలోచన తిరిగి తిరిగి పల్నాడుకే వచ్చి ఆగుతోంది.

సంతలో ఉండగానే ఫోను మోగింది. మనకి అప్పుడు రాత్రి పది.

"కమలమ్మ గెలిచిందంటగా!" అంది అమ్మ.

పెన్సిల్వేనియా ఫలితంతో అధ్యక్షుడిగా గెలిచింది జో బైడెన్. ఆ పేరు అమ్మ నోట్లోంచి రాలేదు. కమలా హారిస్ ఆమెకి అప్పటికే కమలమ్మ. ఇందిరాగాంధీ ఇందిరమ్మ అయినట్టే. మనవాళ్లు ఒక ఆడమనిషిని పెద్దపీట మీద కూర్చోబెట్టాలంటే ముందు ఆమెని అమ్మని చెయ్యాలి. అలా చేస్తే తప్ప ఆమె పెత్తనం మింగుడు పడదు. 1980లో మెదక్ నుంచి ఇందిర గెలిచినప్పుడు మా నాయనమ్మ ఆమె బొమ్మకి బొట్టు పెట్టిందట. ఆ నాయనమ్మే ఇంట్లో ఎదురు మాట్లాడిన ఆడపిల్లని, అంటే ఎక్కువగా నన్ను, "ఏమే నాయకురాలా!" అని తిట్టేది. అది పొగడ్త కాదని పల్నాడు వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్లకి చెప్పాలి. కాస్త ఆగి చెప్తాను.

పార్కు దాటి వీధిలోకి వచ్చేసరికి ఒక ఇంటి మెట్ల మీద డెబ్బై ఏళ్లు దాటిన నల్లజాతి స్త్రీ ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో పెద్ద మూకుడు, చేతిలో చెక్క గరిటె. కొట్టి కొట్టి చెయ్యి నొప్పి పుట్టినట్టుంది, ఆగి ఆయాసపడుతోంది. నన్ను చూసి ఓటు వేశావా అని అడిగింది. నేను ఈ దేశస్తురాలిని కాదని చెప్పాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, గరిటె నా చేతికిచ్చి, మూకుడు ముందుకు జరిపింది. సరే, నువ్వు కొట్టు, నేను వేశాను అంది. నేను కొట్టాను. ఆమె నవ్వింది. ఎంతసేపు కొట్టానో తెలియదు, గరిటె తిరిగి ఇచ్చేటప్పుడు నా చెయ్యీ నొప్పి పుట్టింది.

అక్కణ్ణుంచి సిటీ హాలు దాదాపు మూడు మైళ్లు. నడుద్దామనుకున్నాను. అంతకుముందు ఇంటికి వెళ్లి పాస్‌పోర్టు నకలు, డీఎస్-2019 కాయితం సంచిలో పెట్టుకున్నాను. గుంపులోకి వెళ్లే పరాయివాళ్లందరికీ ఈ అలవాటు ఉంటుంది. సంబరంలోకి కూడా మేం కాయితాలతోనే వెళ్తాం. పైగా ఆ పడమటి వైపే, సరిగ్గా పన్నెండు రోజుల ముందు, అక్టోబరు 26న వాల్టర్ వాలెస్ జూనియర్ అనే ఇరవై ఏడేళ్ల నల్లజాతి యువకుణ్ణి అతని తల్లి కళ్లముందే పోలీసులు కాల్చి చంపారు. చేతిలో కత్తి ఉంది, మనసు బాగాలేని మనిషి, ఇంట్లోవాళ్లు సాయం కోసం ఫోన్ చేశారు. ఆ వారమంతా ఊరు అట్టుడికింది. కర్ఫ్యూ పెట్టారు, నేషనల్ గార్డు వాహనాలు వచ్చాయి. అదే వీధులు ఇప్పుడు గిన్నెలు మోగిస్తున్నాయి. మెట్ల మీద కూర్చున్న ఆ పెద్దావిడ కళ్లలో ఉన్నది ఉత్త సంతోషమేనని నేను రాయలేను.

సిటీ హాలు చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. నవంబరులో ఉండాల్సిన చలి లేదు, ఎండ వెచ్చగా కాస్తోంది. రెండు రోజులుగా ఓట్లు లెక్కిస్తున్న కన్వెన్షన్ సెంటర్ బయట ప్రతి ఓటూ లెక్కపెట్టండి అంటూ కాపలా కాసినవాళ్లంతా ఇప్పుడు ఆడుతున్నారు. డ్రమ్ములు వాయించే కుర్రాళ్లు, వాళ్ల మధ్య ఎల్మో బొమ్మ వేషం కట్టిన మనిషి. మన తిరనాళ్లలో పగటివేషగాళ్లు గుర్తొచ్చారు. కొత్త నాయకుడి ఫొటో ఎంత వెతికినా పెద్దగా కనిపించలేదు. కటౌట్లు లేవు, పూలదండలు లేవు. బైడెన్ వచ్చాడన్న ఆనందం కంటే ట్రంప్ పోతున్నాడన్న ఊరట ఎక్కువ. ఆడవాళ్లూ ఆడపిల్లలూ పట్టుకున్న అట్టల మీద మాత్రం ఎక్కువగా కమల పేరే ఉంది.

సిటీ హాలు దక్షిణం వైపు ఒక కంచు విగ్రహం ఉంది. చేతులు రెండూ వెనక్కి చాచి, ముందున్న బ్యాలెట్ పెట్టె వైపు అడుగేస్తున్న మనిషి. పేరు ఆక్టేవియస్ కాటో. నల్లజాతి ఉపాధ్యాయుడు, బేస్‌బాల్ ఆటగాడు. నల్లజాతి పురుషులకి ఓటు హక్కు ఇచ్చిన 15వ రాజ్యాంగ సవరణ 1870లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 10న ఎన్నికల రోజున ఫిలడెల్ఫియా వీధుల్లో తెల్లజాతి మూకలు నల్లవాళ్ల మీద పడ్డాయి. కాటోని సౌత్ స్ట్రీట్‌లో అతని ఇంటికి కూతవేటు దూరంలో కాల్చి చంపారు. అప్పటికతనికి 32 ఏళ్లు. చూసినవాళ్లు ఉన్నారు, నిందితుడు దొరికాడు, 1877లో నిర్దోషి అని వదిలేశారు. విగ్రహం పెట్టడానికి 2017 దాకా పట్టింది. ఆ రోజు ఆ విగ్రహం చుట్టూ పిల్లలు గెంతుతున్నారు. ఒక తల్లి తన కొడుకుని పైకెత్తి బ్యాలెట్ పెట్టె మీద చెయ్యి పెట్టించింది.

పల్నాడు మనిషికి ఎన్నికల రోజు చావు కొత్త సంగతి కాదు. అమెరికా వాళ్లకి మాత్రం ఇది చరిత్ర పుస్తకంలో విషయం అన్నట్టు నాతో వచ్చిన సహ పరిశోధకురాలు మాట్లాడింది. నేనేమీ అనలేదు.

అదే ఊళ్లో స్త్రీల ఓటు కథ ఒకటి ఉంది. 1915లో పెన్సిల్వేనియాలో స్త్రీలకి ఓటు ఇవ్వాలా వద్దా అని మగవాళ్లు ఓటు వేసి తేల్చాల్సి వచ్చింది. కాథరీన్ రూషెన్‌బర్గర్ అనే ఆమె తన డబ్బుతో లిబర్టీ బెల్‌ని పోలిన గంట ఒకటి పోత పోయించింది. దాని నాలుకని గొలుసుతో కట్టేశారు. ఓటు వచ్చేదాకా అది మోగకూడదని. ఆ మూగ గంటని లారీ మీద పెట్టుకుని రాష్ట్రంలో జిల్లా జిల్లా తిప్పారు. ఓడిపోయారు. 1920లో 19వ సవరణ వచ్చాక, ఆ సెప్టెంబరు 25న ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ స్క్వేర్‌లో దాని గొలుసు విప్పి మోగించారు. నేను గిన్నె మోగించిన నాటికి సరిగ్గా వందేళ్లు. అయితే ఆ గంట అందరికీ మోగలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలు 1965 దాకా ఆగాల్సి వచ్చింది.

కొత్త నాయకుడి ఊరేగింపు వీధిని ఆడవాళ్లు తమది చేసుకున్న సందర్భం ఇంకొకటుంది. 1913 మార్చి 4న వుడ్రో విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చెయ్యాలి. దేశం నలుమూలలనుంచీ జనం వాషింగ్టన్ చేరుకున్నారు. సరిగ్గా ముందు రోజు, మార్చి 3న, అధ్యక్షుడి ఊరేగింపు సాగే పెన్సిల్వేనియా అవెన్యూ మీదే వేలమంది స్త్రీలు ఓటు హక్కు కోసం కవాతు చేశారు. ముందు తెల్ల గుర్రం మీద ఐనెజ్ మిల్‌హాలండ్. కొత్త నాయకుణ్ణి చూద్దామని వచ్చిన మగవాళ్లు ఆ స్త్రీల మీద ఉమ్మారు, తోశారు, కాళ్లడ్డం పెట్టి పడేశారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. వందమంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. ఆ కవాతులోనే నల్లజాతి స్త్రీలని వెనకాల నడవమన్నారు. ఐడా బి. వెల్స్ సరేనన్నట్టు పక్కకి తప్పుకుని, మధ్యలో జనంలోంచి వచ్చి తన ఇల్లినాయిస్ వాళ్లతో కలిసి నడిచింది. మన ఉద్యమాల్లో కూడా ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగువు తెలిసినవాళ్లం కాబట్టి ఐడా వెల్స్ మనకి అంత పరాయిదేమీ కాదు.

ఇప్పుడు ఆ మాట సంగతి.

పన్నెండో శతాబ్దపు పల్నాడు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, ఇద్దరూ అన్నదమ్ములు. మలిదేవుడి వైపు బ్రహ్మనాయుడు, నలగాముడి వైపు నాగమ్మ. జిట్టగామాలపాడు నుంచి వచ్చిన వితంతువు. రాజుకి ఆతిథ్యం ఇచ్చి, వరం కోరుకోమంటే ఏడు ఘడియలు మంత్రి పదవి కావాలని అడిగిందని కథల్లో చెప్తారు. ఘడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. అంటే మూడు గంటలు కూడా నిండదు. ఆ ఏడు ఘడియల్లోనే రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకుందట. ఆమెని జనం పిలిచే పేరు నాయకురాలు నాగమ్మ. తెలుగులో నాయకుడు అన్న మాటకి స్త్రీలింగం ఏమిటని బడిలో అడిగితే పిల్లలు చెప్పే మాట మా ప్రాంతంలో ఒక మనిషి పేరు, ఒక తిట్టు. యుద్ధం ఆమె వల్ల వచ్చింది, కొంపలు ఆమె వల్ల కూలాయి. చాపకూడు పెట్టి కులాలని కలిపిన బ్రహ్మనాయుడు విష్ణువు అవతారం. నాగమ్మ మాత్రం మాయలాడి. ఒక మగవాడు చేస్తే రాజనీతి అనేదాన్ని ఆమె చేస్తే కుట్ర అన్నారు. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమంతా ఈ ఒక్క వాక్యానికి వేసిన ఫుట్‌నోట్లే అని మా గైడు వెక్కిరించేవారు.

సినిమా వాళ్లకి మాత్రం ఆమె బలం తెలుసు. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మ వేషం కన్నాంబది, 1966లో భానుమతిది. ఆ రెండు తరాల్లో అంతకంటే గట్టి నటీమణులు ఎవరున్నారు? కన్నాంబ నాగమ్మ గురించి మా నాయనమ్మ చెప్పినప్పుడు ఆమె గొంతులో తిట్టు వినిపించేది కాదు. ఒక రకమైన లోపలి మెప్పు. నన్ను నాయకురాలా అని కసిరే మనిషే తెర మీద నాయకురాల్ని రెండుసార్లు టిక్కెట్టు కొని చూసింది.

నా పరిశోధనకి పెద్ద దిక్కైన పుస్తకాల్లో ఒకటి ఒక పరాయి దేశస్తుడు రాసింది. జీన్ రోగేర్ అనే అమెరికన్ 1970లలో కారెంపూడి వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే మాల కులపు గాయకుడు పాడిన పల్నాటి వీరుల కథని రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. పండిత ప్రతుల్లో ఉన్న కథకీ గాలెయ్య గొంతులో ఉన్న కథకీ తేడా నాకు అర్థమయింది ఆ పుస్తకం వల్లే. మా నాగులేటి ఒడ్డున వీరుల ఉత్సవంలో, ఆయుధాలు మోసేవాళ్ల మధ్య, ఒక తెల్లమనిషి టేపు రికార్డరు పట్టుకుని నిలబడి ఉండటం ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఆయన సంచిలో కూడా కాయితాలు ఉండే ఉంటాయి. ఆయన మా వీధిలో నిలబడ్డాడు, నేను ఆయన దేశపు వీధిలో నిలబడ్డాను. తేడా ఏమిటంటే ఆయన్ని చూసి మా వాళ్లు గౌరవంగా కుర్చీ వేసి ఉంటారు. నాకు ఆ పెద్దావిడ గరిటె ఇచ్చింది. నాకు గరిటే నచ్చింది.

ఆ సాయంత్రం నా స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. సత్తెనపల్లి అమ్మాయి. నన్ను అక్కా అంటుంది. భర్తది హెచ్-1బి, ఆమెది హెచ్-4, అంటే భార్య హోదాలో ఇచ్చే వీసా. 2015 మే దాకా హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఒబామా హయాంలో, గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డవాళ్ల భార్యాభర్తలకి పని అనుమతి ఇచ్చారు. అలా అనుమతి పొందినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఆడవాళ్లే, నూటికి తొంభైమందికి పైగా మన దేశంలో పుట్టినవాళ్లే. అందులో మన తెలుగమ్మాయిలు ఎంతమందో న్యూజెర్సీలో ఏ అపార్ట్‌మెంటు గంట కొట్టినా తెలుస్తుంది. ట్రంప్ వచ్చినప్పటినుంచీ ఆ అనుమతి తీసేస్తామంటూనే ఉన్నారు. పైగా 2020 జూన్ 22న వచ్చిన ఉత్తర్వుతో దేశం బయట ఉన్న హెచ్-1బి వాళ్లూ వాళ్ల మీద ఆధారపడ్డ హెచ్-4 వాళ్లూ కొత్తగా వీసా వేయించుకుని రావడానికి లేకుండా పోయింది. తల్లికి బాగాలేదని ఇండియా వెళ్లిన ఆడవాళ్లు అక్కడే ఉండిపోయారు, పిల్లలు ఇక్కడ, వాళ్లు అక్కడ. నా స్నేహితురాలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. ఆ రోజు ఆమె సంబరం నా సంబరం లాంటిది కాదు.

"అక్కా, వచ్చే ఏడాది కూడా నా జీతం నాకు వస్తుంది," అంది, పాయసం గిన్నె నా ముందు పెట్టి.

2021 జనవరిలో, కొత్త ప్రభుత్వం వచ్చిన కొద్ది రోజుల్లోనే, ఆ అనుమతి తీసేసే ప్రతిపాదనని వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు వీధిలో ఏ గిన్నే మోగలేదు. ఆమె నాకు ఒక మెసేజ్ పెట్టింది, అంతే.

భర్త మీద ఆధారపడ్డ హక్కు మనకి కొత్తదా? మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకి ఓటు ఇచ్చింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదటిది. పల్నాడులో పుల్లరి సత్యాగ్రహం నడుస్తున్న ఏడాది కూడా అదే. కానీ ఓటు ఆస్తి ఉన్నవాళ్లకే. ఆస్తి ఉన్న ఆడవాళ్లు ఎంతమంది? ఆ చిక్కు విప్పడానికి 1935 చట్టంలో ఒక దారి కనిపెట్టారు. ఫలానా ఆస్తి ఉన్న మగవాడి భార్య అయితే, లేదా అతని వితంతువు అయితే ఓటు ఇవ్వొచ్చని. అంటే ఆమె ఓటరు కావడానికి కారణం ఆమె కాదు, మొగుడు. హెచ్-4 కాయితం మీద నా స్నేహితురాలి పేరు పక్కన ప్రధాన వీసాదారుడి పేరు చూసినప్పుడల్లా నాకు ఆ 1935 సెక్షన్లు గుర్తొస్తాయి. తర్వాత స్వతంత్ర భారతం అందరికీ ఓటు ఇచ్చింది, నిజమే. 1951-52 మొదటి ఎన్నికల జాబితాల్లో ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యని, ఫలానావాడి తల్లిని అని రాయించారు. సొంత పేరు లేనిదే కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడటంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాల్లోంచి పోయారు. పేరు చెప్పకపోవడం వాళ్ల తప్పా? పేరుతో పిలిచిన మనిషి ఉంటే కదా చెప్పడానికి.

ఆ రాత్రి ఎనిమిది దాటాక టీవీలో కమల వచ్చింది. ఫిలడెల్ఫియాకి దగ్గర్లోనే ఉన్న విల్మింగ్టన్‌లో సభ. తెల్ల సూటు, అమెరికా ఓటు హక్కు ఉద్యమకారిణుల రంగు. పంతొమ్మిదేళ్లప్పుడు ఇండియా నుంచి వచ్చిన తల్లి శ్యామలా గోపాలన్‌ని తలుచుకుంది. నల్లజాతి స్త్రీలకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పింది. నా స్నేహితురాలి ఫోనులో తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులు మోగిపోతున్నాయి. మన అమ్మాయి, మన అమ్మాయి. తమిళనాడులో ఆమె తాతగారి ఊరు తులసేంద్రపురంలో ముగ్గులు వేసి టపాసులు కాల్చిన ఫొటోలు. ఆ సందేశాల్లో ఎక్కడా డోనాల్డ్ హారిస్ లేడు. జమైకా నుంచి వచ్చిన నల్లజాతి ఆర్థికశాస్త్రవేత్త, ఆమె తండ్రి. ఆమె చదివిన హోవర్డ్, నల్లజాతి వాళ్ల విశ్వవిద్యాలయం, అదీ లేదు. ఇంట్లో ఆడపిల్ల నల్లజాతి అబ్బాయిని ప్రేమించానంటే ఏం జరుగుతుందో ఆ గుంపుల్లోని వాళ్లందరికీ తెలుసు. శ్యామలని 1963లో వీళ్లే ఏమని ఉండేవాళ్లు? గెలిచాక తల్లివైపు లెక్కపెట్టి మనదంటాం. మెట్ల మీద నాకు గరిటె ఇచ్చిన పెద్దావిడకి ఈ మన అనే మాటలో వాటా ఉందా అని నేను అడిగితే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నా స్నేహితురాలి భర్త పాయసం ఇంకొంచెం వేసుకోమన్నాడు.

మరుసటి ఏడాది నవంబరు 19న బైడెన్‌కి వైద్య పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆ సేపు అధ్యక్షుడి అధికారాలు కమలకి బదిలీ అయ్యాయి. అమెరికా చరిత్రలో ఒక స్త్రీకి ఆ అధికారం రావడం అదే మొదటిసారి. 85 నిమిషాలు. నేను కాగితం తీసి లెక్క వేశాను. మూడున్నర ఘడియలు. నాగమ్మ అడిగినదాంట్లో సగం. అప్పటికి నేను ఫెలోషిప్ ముగించుకుని నరసరావుపేట వచ్చేశాను. ఆ లెక్క అమ్మకి చెప్తే, "ఆ మూడున్నర ఘడియల్లో ఏం చేసిందే?" అంది. ఏమీ చెయ్యలేదన్నాను. "ఏడడగాల్సింది," అంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు విడిగా జిల్లా అయింది, మా ఊరు జిల్లా కేంద్రం. 2024 మే 13న అసెంబ్లీ, లోక్‌సభ పోలింగు. మాచర్ల నియోజకవర్గంలో పాల్వాయి గేటు బూత్‌లో ఒక ఎమ్మెల్యే ఈవీఎం ఎత్తి నేలకేసి కొట్టడం కెమెరాలో దేశమంతా చూసింది. జిల్లాలో కొట్లాటలు, తలలు పగలడం, 144 సెక్షన్. జూన్ 4న ఫలితాల రోజు మా వీధిలో షట్టర్లు దించి ఉన్నాయి. గెలిచినవాళ్ల ఊరేగింపు అంటే ఫిలడెల్ఫియాలో పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లారు. మా వీధిలో పిల్లల్ని లోపలికి పిలిచి గడియ పెట్టారు. ఆ రోజు అమ్మ నన్ను డాబా మీదకి కూడా వెళ్లనివ్వలేదు. అక్కడ ఓటు లేకుండా వీధిలో ఉన్నాను. ఇక్కడ ఓటు ఉంది, వీధి లేదు.

ఆ నవంబరు 5న కమల ఓడిపోయింది. ఈసారి సంబరాలు వడ్లూరులో జరిగాయి. ఉపాధ్యక్షుడుగా గెలిచిన జె.డి. వాన్స్ భార్య ఉష చిలుకూరి పూర్వీకులది ఆ ఊరు. పేపర్లు వాన్స్‌ని ఆంధ్రా అల్లుడన్నాయి. ఉష చదివింది యేల్ లా స్కూల్లో, పని చేసింది సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి దగ్గర. ఆ వివరాలు నాలుగో పేరాలో ఎక్కడో ఉన్నాయి. ముందు ఆడపడుచు, తర్వాత అల్లుడు, ఆ తర్వాత చదువు. 2025 జనవరి 20న, ఆ అల్లుడు ప్రమాణం చేసిన రోజునే, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకి పుట్టే పిల్లలకి పౌరసత్వం ఉండదంటూ ట్రంప్ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. అది వెంటనే కోర్టులకెక్కింది. సత్తెనపల్లి అమ్మాయికి అప్పుడు ఆరో నెల. వడ్లూరు సంబరాల వీడియో ఆమే నాకు పంపింది, కింద ఏమీ రాయకుండా.

దీనికి రెండు నెలల వెనక్కి, కమల ఓడిపోయిన నెల తిరక్కుండానే, కార్తీక అమావాస్యకి కారెంపూడి ఉత్సవాలు వచ్చాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. అమ్మని తీసుకుని కోడిపోరు రోజున వెళ్లాను. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, నాగమ్మ కోడి సివంగిడేగ. కథ ప్రకారం పందెంలో బ్రహ్మనాయుడి వైపు వాళ్లు ఓడి రాజ్యం వదిలి అడవులకి పోతారు. నాగమ్మ మోసం చేసి గెలిచిందని చెప్పడం ఆనవాయితీ. వీరుల పేర్లు పలికినప్పుడల్లా కేకలు, ఈలలు. డప్పులు ఆగడం లేదు. ఆడవాళ్లం ఒక పక్కగా, గోడ వారగా నిలబడ్డాం.

అమ్మ నా చెవి దగ్గరకి వంగింది.

"నాగమ్మ కోడి గెలిచిందిగా, ఒక్కళ్లన్నా ఈల వెయ్యరేంటే?"

డప్పుల్లో వినపడదని గట్టిగానే అడిగింది. ముందు నిలబడ్డ తలపాగా పెద్దాయన వెనక్కి తిరిగి అమ్మ వంక చూశాడు. అమ్మ కూడా ఆయన వంక చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, ఆఖరి బస్సు దాటిపోతుందేమో పద, అంది.